దీపం వెలుగులో ఏ కెమెరా? అనంతగిరి, తాండూరు షూటింగ్‌లు నేర్పిన పాఠం

మన ఛానెల్ చూసేవాళ్లు స్వామి గురించి, క్షేత్రం గురించి ఎన్నో అడుగుతుంటారు. వాటి తర్వాత ఎక్కువగా వచ్చే ప్రశ్న మాత్రం ఇదే: "అన్నా, గుళ్లో అంత చీకట్లో వీడియో అంత క్లియర్‌గా ఎట్లా వస్తుంది? ఏ కెమెరా వాడతారు?"

కెమెరా పేరు చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ పేరు విని ఎవరైనా అప్పు చేసి కొనుక్కుంటే ఆ పాపం నాకు తగులుతుంది. అందుకే ఈసారి కొంచెం వివరంగా రాస్తున్నా. వికారాబాద్ దగ్గర అనంతగిరిలో కార్తీకమాసం తెల్లవారుజాము, తాండూరులో భావిగి భద్రేశ్వర స్వామి జాతర రాత్రి: ఈ రెండు చోట్ల షూట్ చేసేటప్పుడు కెమెరాలు పక్కపక్కన పెట్టి చూశాం. ఏది ఎక్కడ పనికొచ్చిందో, ఏది దండగో, చివరికి మీరు ఛానెల్‌కి ఇచ్చిన డబ్బుతో ఏం కొన్నామో అన్నీ చెప్తాను. నేను ప్రొఫెషనల్ ఫోటోగ్రాఫర్‌ని కాదు. వారమంతా కోడ్ రాసి, శని ఆదివారాలు గుళ్ల చుట్టూ తిరిగే మనిషిని. కాబట్టి కొంచెం లెక్కలు వస్తాయి, ఓపిక పట్టండి.

లైటు వేసిన రోజు

ముందు నేను చేసిన తప్పు చెప్పాలి. ఛానెల్ పెట్టిన కొత్తలో ఒక చిన్న ఊళ్లో గుడికి వెళ్లాం. సాయంత్రం దీపారాధన టైము. మండపంలో ఒకే ఒక బల్బు, లోపల రెండు నూనె దీపాలు. నా దగ్గరున్న కెమెరాలో అంతా నల్లగా వస్తోంది. బ్యాగులోంచి ఎల్ఈడీ ప్యానెల్ తీసి, స్టాండుకి పెట్టి, ఫుల్‌గా ఆన్ చేశాను. స్క్రీన్ మీద చూస్తే అద్భుతంగా ఉంది.

రెండు నిమిషాలు కూడా కాలేదు. వెనకాల కూర్చున్న ఒక పెద్దాయన లేచి వచ్చి, కోపం లేకుండా మెల్లగా అన్నాడు: "బిడ్డా, ఆ లైటు తియ్యవా. మాకు స్వామి కనబడ్తలేడు."

అప్పుడు వెనక్కి తిరిగి చూశాను. నా లైటు సగం మంది కళ్లల్లో కొడుతోంది. చీకటికి అలవాటు పడ్డ వాళ్ల కళ్లకి ఇప్పుడు గర్భగుడి ఇంకా చీకటి అయిపోయింది. నా కెమెరాకి కనబడాలని, అక్కడికి వచ్చినవాళ్లకి కనబడకుండా చేశాను. వెంటనే లైటు తీసేశాను. ఆ రోజు వీడియో అప్‌లోడ్ చెయ్యలేదు.

హారతి గురించి పెద్దవాళ్లు చెప్పే మాట ఒకటుంది. చీకటి గర్భగుడిలో పాదాల నుంచి ముఖం దాకా దీపంతో స్వామిని చూపించడమే హారతి. అంటే ఎంత వెలుగులో చూడాలో ఆ పూజలోనే ఉంది. దాని మీద మన ప్యానెల్ వెలుగు పోస్తే పూజలో మనం వేలు పెట్టినట్టే. అందుకే అప్పట్నుంచి మా టీమ్‌కి ఒకటే రూలు: గుళ్లో ఉన్న వెలుగుకి మనం ఒక్క లైటు కూడా కలపకూడదు. ఫ్లాష్ కూడా అంతే. మిగతా పోలిక మొత్తం ఈ రూలు నుంచే వచ్చింది. లైటు వేసుకునే స్వేచ్ఛ ఉంటే ఈ రోజుల్లో ఏ కెమెరా అయినా బాగానే తీస్తుంది.

ఐఎస్ఓ నంబరు చూసి మోసపోకండి

షాపులో, యాడ్స్‌లో మొదట చెప్పేది ఐఎస్ఓ. "సార్, ఇది లక్ష ఐఎస్ఓ వెళ్తుంది" అంటారు. కానీ ఐఎస్ఓ పెంచితే కెమెరాలోకి వచ్చే వెలుగు పెరగదు. వచ్చిన సిగ్నల్‌ని పెద్దది చేస్తుంది, అంతే. మైకు ముందు మనిషి గుసగుసలాడుతుంటే ఆంప్లిఫయర్ వాల్యూమ్ పెంచినట్టు. మాటతో పాటు గుర్రుమనే శబ్దం కూడా పెరుగుతుంది.

ఫోటోలో మనకి కనిపించే గింజల్లాంటి నాయిస్‌లో ఎక్కువ భాగం వెలుగు స్వభావం వల్లే వస్తుంది. వెలుగు కణాలు వాన చినుకుల్లా ఎడాపెడా పడతాయి. ఒక పిక్సెల్ మీద సగటున 100 కణాలు పడితే, ఆ లెక్క దాని వర్గమూలం, అంటే 10 వరకు అటూ ఇటూ ఊగుతుంది. అది పది శాతం. అదే 10,000 కణాలు పడితే ఊగేది 100, అంటే ఒక్క శాతమే. కాబట్టి కెమెరా ఏదైనా అసలు ప్రశ్న ఒకటే: ఎంత వెలుగు పట్టుకున్నాం?

దానికి మూడే దారులు. లెన్స్ ఎంత వెడల్పుగా తెరుచుకుంటుంది, సెన్సర్ ఎంత పెద్దది, షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంటుంది. ఒక్కొక్కటి చూద్దాం.

సెన్సర్ సైజు లెక్క

సెన్సర్ వైశాల్యాలు ఇవి:

ఫుల్ ఫ్రేమ్: 36 × 24 మి.మీ., అంటే 864 చదరపు మి.మీ.
ఏపీఎస్-సీ (సోనీది): 23.5 × 15.6 మి.మీ., సుమారు 367.
మైక్రో ఫోర్ థర్డ్స్: 17.3 × 13 మి.మీ., సుమారు 225.
ఒక అంగుళం రకం: 13.2 × 8.8 మి.మీ., సుమారు 116.
ఫోన్లలో మెయిన్ కెమెరా సెన్సర్ మామూలుగా దీనికన్నా చిన్నదే.

ఒకే ఎఫ్ నంబరు, ఒకే షట్టర్ పెట్టి ఒకే ఫ్రేము తీస్తే, ఫుల్ ఫ్రేమ్ మొత్తం మీద ఏపీఎస్-సీ కంటే దాదాపు 2.4 రెట్లు వెలుగు పడుతుంది. ఫోటోగ్రఫీ భాషలో ఒక స్టాప్ పైచిలుకు. స్టాప్ అంటే వెలుగు రెట్టింపు కావడం. ఇది నిజమైన తేడానే, కాదనను. కానీ ఆ 2.4 రెట్ల కోసం ఎంత ఖర్చు పెడుతున్నామో కూడా చూడాలి.

లెన్స్ లెక్క

ఇప్పుడు లెన్స్‌కి వద్దాం. కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్ సాధారణంగా ఎఫ్/3.5 నుంచి 5.6 ఉంటుంది. అంటే జూమ్ చివరికి వెళ్తే ఎఫ్/5.6. వెలుగు ఎఫ్ నంబరు వర్గానికి విలోమంగా మారుతుంది. ఎఫ్/1.4 ప్రైమ్ లెన్స్ పెడితే 5.6ని 1.4తో భాగించండి, 4 వస్తుంది. దాని వర్గం 16.

పదహారు రెట్లు! నాలుగు స్టాప్‌లు. కిట్ లెన్స్‌తో ఐఎస్ఓ 25,600 కావాల్సిన చోట ఈ లెన్స్‌తో 1600 చాలు. కెమెరా మార్చితే వచ్చింది రెండున్నర రెట్లు కూడా కాదు, లెన్స్ మార్చితే పదహారు రెట్లు. 50 మి.మీ. ఎఫ్/1.8 లాంటి లెన్స్ అయినా కిట్ లెన్స్ జూమ్ చివరతో పోలిస్తే తొమ్మిది రెట్లు దాటి ఇస్తుంది. దాదాపు ప్రతి కంపెనీలో తక్కువ ధరకి దొరికే లెన్స్‌లలో అదొకటి.

దీనికి కూడా రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, జూమ్ ఉండదు, మన కాళ్లే జూమ్. గుళ్లో ముందుకి జరగడానికి చోటుండదు కాబట్టి ఎక్కడ నిలబడాలో ముందే చూసుకోవాలి. రెండు, ఎఫ్/1.4లో ఫోకస్ చాలా పల్చగా ఉంటుంది. స్వామి కళ్లకి ఫోకస్ పెడితే ముందున్న చేతులు మసకబారతాయి. దగ్గర నుంచి తీసేటప్పుడు ఎఫ్/2 లేదా 2.8కి తగ్గించుకోక తప్పదు.

ఫోటో వేరు, వీడియో వేరు

మూడోది షట్టర్. "ఈ కెమెరా ఫోటోలకి బాగుంది కదా, వీడియోకి కూడా బాగుంటుంది" అనుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

ఫోటో తీసేటప్పుడు కదలని వస్తువైతే షట్టర్‌ని ఎంతసేపైనా తెరిచి ఉంచవచ్చు. ట్రైపాడ్ మీద 2 సెకన్లు తెరిస్తే 1/50 సెకనుతో పోలిస్తే 100 రెట్లు వెలుగు. కెమెరా బాడీలో స్టెబిలైజేషన్ ఉంటే చేత్తో పట్టుకుని కూడా 1/10 దాకా తీయొచ్చు. ఫోన్ నైట్ మోడ్ చేసేదీ అలాంటిదే. చాలా ఫ్రేములు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చుతుంది. అందుకే కొండ మీద కదలని గోపురాన్ని ఫోన్‌తో తీసినా బ్రహ్మాండంగా వస్తుంది.

వీడియోలో ఆ అవకాశం లేదు. సెకనుకి 25 ఫ్రేములు తీయాలంటే ఒక్కో ఫ్రేముకి దొరికే టైము గరిష్ఠంగా 1/25 సెకను. కదలిక సహజంగా కనబడాలంటే మామూలుగా 1/50 పెడతాం. స్లో మోషన్ కోసం సెకనుకి 100 ఫ్రేములు తీస్తే షట్టర్ 1/200, అంటే వెలుగు ఇంకా నాలుగో వంతు. స్టెబిలైజేషన్ చెయ్యి వణుకుని ఆపుతుంది గానీ, ఊగుతున్న హారతిని ఆపలేదు.

ఇంకో తేడా కూడా ఉంది. ఫోటోకి రా ఫైల్ ఉంటుంది, అందులో చాలా కెమెరాలు ఒక్కో రంగుకి 14 బిట్ల సమాచారం దాస్తాయి. తర్వాత చీకటి భాగాలు పైకి లాగుకోవచ్చు. వీడియో అప్పటికప్పుడు కుదించి దాచేస్తుంది. 8 బిట్ వీడియోలో ఒక్కో రంగుకి 256 మెట్లు, 10 బిట్‌లో 1024. దీపం చుట్టూ గోడ మీద వెలుగు మెల్లగా చీకట్లోకి కరిగిపోతుంది చూడండి, అక్కడ 8 బిట్ అయితే గీతలు గీతలుగా, ఉల్లిపాయ పొరల్లా కనబడుతుంది. ఆఫీసుల్లో, పార్కుల్లో తీసే వీడియోలో ఇది తెలియదు. గుళ్లో మాత్రం మొదట కనబడేది ఇదే.

ఏ కెమెరా దేనికి

మేం చూసినవి, చదివి తెలుసుకున్నవి కలిపి క్లుప్తంగా చెప్తాను.

సోనీ జడ్‌వీ-ఈ10: 2021లో వచ్చింది. ఏపీఎస్-సీ, 24 మెగాపిక్సెల్. మన ఛానెల్ నడుస్తున్నది దీనితోనే. బాడీలో స్టెబిలైజేషన్ లేదు, వీడియో 8 బిట్. కెమెరాని వేగంగా పక్కకి తిప్పితే స్తంభాలు వంగినట్టు కనబడతాయి, దీన్ని రోలింగ్ షట్టర్ అంటారు. మంచి లెన్స్ పెట్టి, కదపకుండా తీస్తే మాత్రం ధరకి తగ్గ పని చేస్తుంది. 2024లో వచ్చిన దీని రెండో మోడల్‌లో 10 బిట్ వీడియో ఇచ్చారు.

సోనీ ఏ7ఎస్ 3: 2020లో వచ్చింది. ఫుల్ ఫ్రేమ్, కేవలం 12 మెగాపిక్సెల్. చీకటి వీడియో అనగానే అందరూ చెప్పే పేరు ఇదే. 4కె వీడియోని 10 బిట్‌లో, సెకనుకి 120 ఫ్రేముల దాకా ఇస్తుంది. సెన్సర్‌ని వేగంగా చదువుతుంది కాబట్టి స్తంభాలు వంగడం చాలా తక్కువ. ధర మాత్రం బాడీకే లక్షల్లో. ఈ కుటుంబం సెన్సర్‌తోనే ఎఫ్ఎక్స్3, 2023లో జడ్‌వీ-ఈ1 వచ్చాయి.

సోనీ ఏ7 4: 2021లో వచ్చింది. ఫుల్ ఫ్రేమ్, 33 మెగాపిక్సెల్. ఫోటోలు, వీడియో రెండూ కావాలనుకునేవాళ్లకి. 4కెలో సెకనుకి 60 ఫ్రేములు కావాలంటే సెన్సర్‌లో మధ్య భాగాన్నే వాడుతుంది, అంటే అప్పుడు ఫుల్ ఫ్రేమ్ లాభం పోతుంది.

కెనాన్ ఆర్6 మార్క్ 2: 2022 చివర్లో వచ్చింది. ఫుల్ ఫ్రేమ్, 24 మెగాపిక్సెల్. 4కె 60 ఫ్రేములు కూడా సెన్సర్ మొత్తం వెడల్పుతో ఇస్తుంది. చీకట్లో ఆటోఫోకస్ చాలా బాగుంటుందని పేరు. కంపెనీ చెప్పే మైనస్ 6.5 ఈవీ అనే అంకె ఎఫ్/1.2 లెన్స్ పెట్టి కొలిచింది. ఎఫ్/4 జూమ్ పెట్టుకుని అదే ఫోకస్ రావాలంటే రాదు.

పానాసోనిక్ ఎస్5 2: 2023 జనవరిలో వచ్చింది. ఫుల్ ఫ్రేమ్, 24 మెగాపిక్సెల్, బాడీలో స్టెబిలైజేషన్ గట్టిది. చేత్తో పట్టుకుని, నిలకడగా ఉన్న అలంకారాన్ని తీయడానికి ఇష్టపడేవాళ్లు చాలామంది.

ఇక్కడ "డ్యూయల్ బేస్ ఐఎస్ఓ" అనే మాట వినిపిస్తుంది. కొన్ని సెన్సర్లలో రెండు స్థాయుల్లో పనిచేసే సర్క్యూట్ ఉంటుంది. ఎఫ్ఎక్స్3లో లాగ్ వీడియోకి ఆ రెండు స్థాయులు 800, 12,800. ఎస్5 2లో 640, 4000. దీనివల్ల ఒక వింత జరుగుతుంది: ఎఫ్ఎక్స్3లో 10,000 పెట్టినదానికంటే 12,800 పెట్టిందే శుభ్రంగా రావొచ్చు. కాబట్టి అలాంటి కెమెరా చేతిలో ఉంటే ఆ రెండో స్థాయి ఎక్కడుందో తెలుసుకుని నేరుగా అక్కడికి దూకండి, మధ్యలో ఆగకండి.

మెగాపిక్సెల్ సంగతి. 12 మెగాపిక్సెల్ అంటే దాదాపు 4240 × 2832 పిక్సెళ్లు. అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింట్ చేస్తే 14 అంగుళాల వెడల్పు. ఇంట్లో పటం కట్టించుకోవడానికి సరిపోతుంది. దూరం నుంచి తీసి, స్వామి ముఖం వరకు కత్తిరించి, పెద్ద క్యాలెండర్ వేయించాలంటే సరిపోదు. 33 మెగాపిక్సెల్‌లో అదే 23 అంగుళాలు. కాబట్టి ఫోటోలే ముఖ్యం అనుకునేవాళ్లు ఏ7ఎస్ 3 కోసం వెంపర్లాడక్కర్లేదు. "పిక్సెళ్లు తక్కువుంటేనే నాయిస్ తక్కువ" అన్నది కూడా ఫోటోల్లో పెద్దగా నిలవదు. రెండు ఫోటోలనీ ఒకే సైజుకి తెచ్చి చూస్తే, ఒకే సెన్సర్ సైజున్న కెమెరాల మధ్య తేడా బాగా తగ్గిపోతుంది.

అనంతగిరిలో తెల్లవారుజాము

అనంతగిరి వికారాబాద్ ఊరికి దగ్గర్లోనే. మూసీ పుట్టిన కొండలు ఇవే. మార్కండేయ మహర్షి ఇక్కడ తపస్సు చేశాడని స్థలపురాణం. కార్తీకంలో తెల్లవారకముందే జనం పుష్కరిణి దగ్గర స్నానాలు చేసి దీపాలు వెలిగిస్తారు. చుట్టూ అడవి, మంచు, కరెంటు లైట్లు పడని మూలలు. చీకటి పరీక్షకి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

మా కెమెరాకి మొదట కిట్ లెన్స్, తర్వాత 30 మి.మీ. ఎఫ్/1.4 లెన్స్ పెట్టాం. పక్కన అద్దెకి తెచ్చిన ఏ7ఎస్ 3, దానికి 50 మి.మీ. ఎఫ్/1.8. దీపం వెలిగిస్తున్న మా అమ్మ చేతులు, ముఖం, ఇదే ఫ్రేము.

కిట్ లెన్స్‌తో వచ్చింది చూడలేకపోయాం. ముఖం మీద రంగు చుక్కలు ఈగల్లా పాకుతున్నాయి. లెన్స్ మార్చగానే అదే కెమెరా వేరే కెమెరా అయిపోయింది. ఐఎస్ఓ 1600, షట్టర్ 1/50, అమ్మ ముఖం మీద దీపం ఊగడం కూడా తెలిసింది. ఏ7ఎస్ 3 ఇంకా శుభ్రంగా ఉంది, ముఖ్యంగా వెనకాల మెట్లు, చెట్ల నీడల్లో. కానీ లెక్క చూడండి. సెన్సర్ వల్ల దానికి 2.4 రెట్లు ఎక్కువ, ఎఫ్/1.4 వల్ల మాకు 1.65 రెట్లు ఎక్కువ. చివరికి మిగిలిన తేడా దాదాపు ఒకటిన్నర రెట్లే, అర స్టాప్. ఫోన్‌లో చూసే మనవాళ్లకి ఆ తేడా కనబడడం కష్టం. ఇంట్లో ఇద్దరికి పేర్లు చెప్పకుండా చూపించాను. ఇద్దరూ ఏది ఖరీదైనదో చెప్పలేకపోయారు.

అక్కడ పనికొచ్చిన సెట్టింగులు కొన్ని:

ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లో పెట్టి లాక్ చెయ్యండి. ఆటోలో వదిలేస్తే హారతి దగ్గరికి వచ్చినప్పుడల్లా బొమ్మ మొత్తం నల్లబడి, దూరం పోగానే తెల్లబడుతుంది. నల్లరాతి విగ్రహాన్ని ఆటో కెమెరా బూడిదరంగు చేయాలని చూస్తుంది, దాంతో వెండి కవచం, తిరునామం తెల్లగా మాడిపోతాయి. జీబ్రా 95 దగ్గర పెట్టి, మంట ఒక్కటే చారలు కొట్టేలా చూసుకోండి. మంట మాడితే ఫర్వాలేదు, ముఖం మాడకూడదు.

వైట్ బ్యాలెన్స్ కూడా ఆటో వద్దు. నూనె దీపం వెలుగు 1900 కెల్విన్ దరిదాపుల్లో ఉంటుంది, బాగా పసుపు. ఆటోలో పెడితే కెమెరా ఆ పసుపుని రోగం అనుకుని కడిగేస్తుంది. నేను 3200 పెట్టి వదిలేస్తాను. దీపం దీపంలా ఉంటుంది.

ఫోకస్ మంట మీదికి పారిపోతుంటే మాన్యువల్‌కి మారి, పీకింగ్ ఆన్ చేసుకుని కళ్ల దగ్గర సరిచూసుకోండి.

తాండూరు జాతర రాత్రి

లింగంపల్లిలో రైలెక్కితే వికారాబాద్ దాటాక అదే లైన్‌లో తాండూరు. నాపరాళ్లకి, కందిపప్పుకి పేరున్న ఊరు. భావిగి భద్రేశ్వర స్వామి రథోత్సవం అంటే జనసముద్రం. అక్కడి వెలుగు అనంతగిరికి పూర్తిగా వ్యతిరేకం. చీకటి ఉంది, దాంతో పాటు సీరియల్ సెట్లు, ఫోకస్ లైట్లు, బాణసంచా, వందల ఫోన్ల ఫ్లాష్‌లు.

ఇక్కడ మొదటి శత్రువు నాయిస్ కాదు, మినుకు. మన కరెంటు 50 హెర్ట్జ్. దానివల్ల చాలా లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు గానీ కెమెరాకి తెలుస్తుంది. విదేశీ యూట్యూబర్లు చెప్పారని సెకనుకి 30 ఫ్రేములు, షట్టర్ 1/60 పెడితే నల్లటి పట్టీలు స్క్రీన్ మీద పాకుతాయి. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, వాళ్ల లెక్క వాళ్లది. మనం 25 ఫ్రేములు, షట్టర్ 1/50 లేదా 1/100. కెమెరా మెనూలో ఎన్‌టీఎస్‌సీ నుంచి పాల్‌కి మార్చుకోండి. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. కొన్ని చైనా ఎల్ఈడీ సెట్లు తమ ఇష్టం వచ్చినట్టు మినుకుతాయి, వాటికి షట్టర్‌ని కొద్దికొద్దిగా మార్చి పట్టీలు తగ్గే చోటు వెతుక్కోవాలి.

రాళ్ల ఊరు కాబట్టి ఒక చిట్కా కూడా దొరికింది. నీలం ఛాయ ఉన్న బూడిదరంగు తాండూరు బండ కెమెరా ఎక్స్‌పోజర్‌కి మంచి ఆనవాలు. చీకట్లో ఎంత పెట్టాలో తెలియకపోతే, మనుషులు నిలబడ్డ వెలుగులోనే ఉన్న బండని మీటర్ చేసి చూస్తాను, దాదాపు సరిపోతుంది. నీలం ఛాయ ఉంది కాబట్టి వైట్ బ్యాలెన్స్‌కి మాత్రం దాన్ని నమ్మకండి.

ఈ రాత్రి ఏ7ఎస్ 3 తన ధరని నిరూపించుకుంది. రథం కదులుతుంటే మా కెమెరాలో అంచులు వంగాయి. పక్కవాళ్ల ఫోన్ ఫ్లాష్ పడ్డప్పుడు సగం ఫ్రేము తెల్లగా, సగం నల్లగా వచ్చింది. రథం ముందు డప్పులు కొట్టేవాళ్లని స్లో మోషన్‌లో తీద్దామంటే మా దాంట్లో 4కెలో ఆ వేగమే లేదు. ఏ7ఎస్ 3లో సెకనుకి 100 ఫ్రేములు, షట్టర్ 1/200 పెట్టి, ఐఎస్ఓ 12,800 దగ్గర తీస్తే డప్పు చర్మం అదరడం కూడా కనబడింది. ఇది లెన్స్ మార్చితే వచ్చేది కాదు. ఒప్పుకోవాలి.

జాతరలో ట్రైపాడ్ తెరవకండి. ఎవరో ఒకరు తట్టుకుని పడతారు. ఒంటికాలు మోనోపాడ్ చాలు, అది కూడా రథం దారికి దూరంగా.

నాయిస్ తీసేస్తే స్వామి కూడా పోయాడు

ఇంకో తప్పు కూడా చెప్పేస్తాను. ఒకసారి నాయిస్ ఎక్కువుందని సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ చివరిదాకా లాగాను. చుక్కలన్నీ పోయాయి. ఎంత నున్నగా వచ్చిందో అని మురిసిపోయి అమ్మకి చూపించాను. రెండు క్షణాలు చూసి, "ఇదేందిరా, స్వామి ప్లాస్టిక్ బొమ్మ లెక్క ఉన్నడు" అంది.

తిరిగి చూస్తే నిజమే. హారంలో పూసలు కలిసిపోయాయి. నామం అంచు కరిగింది. రాతి మీద తరాలుగా నూనె పట్టిన మెరుపు పూర్తిగా పోయింది. సాఫ్ట్‌వేర్‌కి నాయిస్ ఏదో, పూస ఏదో తెలియదు. రెండూ చిన్న చుక్కలే దానికి. ఇప్పుడొస్తున్న కొన్ని ఏఐ టూల్స్ ఇంకో అడుగు ముందుకేసి, లేని వివరాన్ని తామే గీస్తున్నాయి. అలా గీసిన కళ్లు మన స్వామి కళ్లు కావు. దర్శనం అని చెప్పి అది చూపించడం నాకు నచ్చలేదు. అందుకే ఇప్పుడు కొంచెం గింజలున్నా వదిలేస్తున్నాం. చీకట్లో తీసింది చీకట్లో తీసినట్టే ఉండనివ్వండి.

మరి మీ డబ్బుతో ఏం కొన్నాం

మీలో కొంతమంది నెలనెలా వంద, రెండు వందలు పంపుతున్నారు. కెమెరా కోసమని ప్రత్యేకంగా పంపినవాళ్లూ ఉన్నారు. ఏ7ఎస్ 3 కొనేద్దామని మా టీమ్‌లో ఇద్దరు గట్టిగా పట్టుబట్టారు. నిజం చెప్పాలంటే అందులో ఒకడిని నేనే. చేతిలో పట్టుకున్నాక వదలబుద్ధి కాదు.

అప్పుడు ఒక పని చేశాం. గత ఏడాది వీడియోలన్నీ ముందు పెట్టుకుని, ఏ షాట్‌కి ఆ కెమెరా లేక నిజంగా నష్టపోయామో రాసుకున్నాం. జాతర రాత్రులు రెండు, అంతే. మిగతా ప్రతిచోటా లోపం లెన్స్‌దో, తప్పు సెట్టింగ్‌దో, ముందుగా వెళ్లి చోటు చూసుకోని మాదో. రెండు రాత్రుల కోసం లక్షలు ఎందుకు? ఆ రెండు రాత్రులు అద్దెకి తెచ్చుకుంటే సరిపోతుంది. కాబట్టి అద్దెకి తెచ్చి చూసిన 30 మి.మీ. ఎఫ్/1.4 లెన్స్, ఒక మోనోపాడ్, రెండు బ్యాటరీలు కొన్నాం. మిగిలిన డబ్బు అలాగే ఉంచాం. దాన్ని ఏం చేయాలో వచ్చే లైవ్‌లో మీరే చెప్పండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా సలహా ఈ వరుసలో. మొదట మీ దగ్గరున్న కెమెరాకి ఎఫ్/1.8 లేదా 1.4 లెన్స్. తర్వాత 25 ఫ్రేములు, 1/50, మాన్యువల్ ఎక్స్‌పోజర్. ఫోటోలే ఎక్కువైతే మెగాపిక్సెళ్లు, స్టెబిలైజేషన్ ఉన్న ఫుల్ ఫ్రేమ్ గురించి ఆలోచించండి. వీడియోనే ఎక్కువైతే 10 బిట్, తక్కువ రోలింగ్ షట్టర్ చూడండి. కొనేముందు ఒక్క రాత్రికి అద్దెకి తెచ్చుకుని మీరు నిజంగా తీసే చోటే తీసి చూడండి. షాపు ట్యూబ్‌లైటు కింద అన్ని కెమెరాలూ మంచివే.

అన్నిటికంటే ముందు, అడగండి. మూలవిరాట్టుని చాలా గుళ్లల్లో తీయకూడదు. ఎక్కడ తీయొచ్చో అయ్యగారిని అడిగి, ఆయన వద్దంటే కెమెరా బ్యాగులో పెట్టేయండి. మేం చూపించేవి మండపం, ఉత్సవం, భక్తులు, ఊరు, అది కూడా ఒప్పుకున్న చోటే.

మొన్న లైటు తియ్యమన్న ఆ పెద్దాయన గుడికి మళ్లీ వెళ్లాం. ఈసారి లైటు లేదు, ఎఫ్/1.4 లెన్స్ ఉంది. మూలన స్తంభానికి ఆనుకుని నిలబడి దీపారాధన మొత్తం తీశాను. అయ్యాక ఆయన దగ్గరికి పోయి స్క్రీన్ చూపించాను. కళ్లద్దాలు సర్దుకుని చూసి, "మేం చూసినట్టే ఉన్నది" అన్నాడు. నాకు అది చాలు.

అనంతగిరి, తాండూరు వీడియోలు రెండూ ఛానెల్‌లో ఉన్నాయి. ఈసారి చూసేటప్పుడు ఏ షాట్ ఏ కెమెరాదో కనిపెట్టడానికి ప్రయత్నించండి. కనిపెట్టలేకపోతే ఈ పాఠం అర్థమైనట్టే. స్వామి అందరినీ చల్లగా చూడాలి. మళ్లీ కలుద్దాం.